అతుకు లేని ఇత్తడి గొట్టము

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాల విద్యార్థులు ఒక చిన్న దూరదర్శినిని తయారుచేసినారు. దాని గొట్టము పలుచని ఇత్తడిది. వెలుపలి వ్యాసము 25 మిల్లీమీటర్లు, గోడ మందము అర మిల్లీమీటరు. వేసవి సెలవులకు ముందు దానిని శుభ్రముగా తుడిచి బీరువాలో పెట్టినాము. వానలు మొదలైన తరువాత తీసి చూడగా గొట్టము పొడుగునా సన్నని చీలిక ఒకటి కనిపించినది. దానిని ఎవరును తాకలేదు. అది క్రింద పడలేదు. తుప్పు పట్టిన జాడ లేదు. అదే బీరువాలో క్రింది అరలో, మూత సరిగా బిగియని అమోనియా సీసా మాత్రము ఉన్నది. ఆ సీసాకును ఈ చీలికకును సంబంధము కలదని మాకు అప్పుడు తోచలేదు. ఆ సంబంధము తెలియవలెనన్న ఇత్తడి గొట్టము పుట్టిన కథను కొంత తెలుసుకొనవలెను.

అసలు పలుచని గొట్టము ఎందుకు? 25 మిల్లీమీటర్ల లావుగల ఇత్తడి కడ్డీని, అంతే లావుగల మా గొట్టమును పోల్చి చూడుడు. ఒకే పొడవునకు గొట్టము బరువు కడ్డీ బరువులో ఇంచుమించు 13వ వంతు. కాని వంగకుండ నిలువగల శక్తి సుమారు 7వ వంతు ఉన్నది. అనగా తూకమునకు తూకము లెక్కించినచో గొట్టమే కడ్డీకంటె దాదాపు రెండింతలు గట్టిది. అంతేకాక, ఒక గొట్టము మరియొక గొట్టములో జారునట్లు చేయవలెనన్నను, ఆవిరియంత్రపు నమూనాకు చిన్న సిలిండరు కావలెనన్నను పలుచని గోడ తప్పదు.

1609, 1610 సంవత్సరములలో గెలీలియో ఆకాశమును పరిశీలించిన దూరదర్శినుల గొట్టములు లోహమువి కావు. అవి కొయ్యతో చేసి, పైన కాగితమో తోలో అంటించినవి. ఆ తరువాత చాలకాలము అట్టగొట్టములే వాడుకలో ఉండెను. తేమ తగిలిన అవి ఉబ్బి బిగిసిపోవును, ఎండిన వదులగును. ఈ చిక్కును తీర్చుటకు 18వ శతాబ్ది ఉత్తరార్ధములో పరికరములు చేయువారు ఇత్తడి గొట్టముల వైపు మరలినారు.

అప్పటి ఇత్తడి గొట్టమునకు అతుకు ఉండెడిది. ఇత్తడి రేకును పట్టీగా కత్తిరించి, గుండ్రని కడ్డీ చుట్టు వంచి, అంచులు కలిసినచోట వెలిగారము చల్లి, గట్టి టంకము కరగించి అతికెడివారు. తరువాత దాని లోపల ఉక్కు కడ్డీని దూర్చి, ఉక్కు పలకలోని రంధ్రము గుండా బలముగా లాగెడివారు. మన కంసాలి తీగను సన్నము చేయుటకు వాడు కమ్మచ్చు వంటిదే ఆ పలక. తేడా ఒక్కటే: కమ్మచ్చులో తీగ ఒక్కటే సాగును, ఇక్కడ లోపలి కడ్డీకిని వెలుపలి రంధ్రమునకును నడుమ చిక్కిన గొట్టపు గోడ పలుచబడి, గొట్టము నిడివి పెరుగును.

ఈ పద్ధతికి అడ్డు వచ్చినది అతుకే. టంకము ఇత్తడికంటె తక్కువ వేడిమిలో కరగును. దాని సాగు గుణము కూడ వేరు. అందువలన గోడను మరీ పలుచన చేయబోయినచో గొట్టము అతుకు వద్దనే విచ్చుకొనెడిది. దూరదర్శినికి ఈ లోపము అంతగా తెలియదు. కాని నిప్పును, ఆవిరిని ఎదుర్కొనవలసిన పని వచ్చినప్పుడు అది ప్రమాదకరమైనది. 1829లో స్టీఫెన్‌సనుల ‘రాకెట్’ రైలుయంత్రపు బాయిలరులో 25 రాగి గొట్టములు అమర్చినారు. ఒక్కొక్కటి 3 అంగుళముల వ్యాసము గలది. వేడి వాయువులు ఆ గొట్టముల గుండా పోవుచు చుట్టునున్న నీటిని కాచెడివి. అనతికాలములోనే ఈ పనికి ఇత్తడి గొట్టములు కూడ ప్రవేశించినవి. రైలుమార్గములు పెరిగినకొలది నమ్మదగిన గొట్టములు వేలకొలది కావలసివచ్చినవి.

1838లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమునకు చెందిన ఛార్లెస్ గ్రీన్ అతుకు లేని గొట్టము చేయు విధానమునకు పేటెంటు పొందినాడు. ఆ విధానములోని భావము సులభమైనది. రేకును వంచి అతుకుటకు బదులు, మొదటనే నడుమ బోలుగా ఉండునట్లు లోహమును మందమైన పొట్టి గొట్టముగా పోతపోయుట; దానిని లోపలి కడ్డీతో సహా రంధ్రము వెంట రంధ్రముగా లాగుచు పోవుట. గొట్టము అతుకులో పుట్టదు కనుక అతుకులో విచ్చుకొనదు.

ఈ పని సాగవలెనన్న ఇత్తడి పాళ్ళు కుదరవలెను. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమమని మనకు తెలియును. జింకు నూటికి సుమారు 35 పాళ్ళు మించనంతవరకు ఇత్తడి చల్లగా ఉన్నప్పుడు కూడ చక్కగా సాగును. అంతకు మించి 40 పాళ్ళకు చేరినచో వేడిగా ఉన్నప్పుడే బాగుగా లొంగును. అందుచేత పలుచని గొట్టములకు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు గల ఇత్తడి పేరుపొందినది. అదియును లాగినకొలది గట్టిపడి పెళుసెక్కును. అప్పుడు దానిని 500, 600 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, మెత్తబరచి, మరల లాగవలెను. మన కంచరివారు చెంబును సాగగొట్టుచు నడుమ నడుమ కొలిమిలో కాల్చునది ఇందుకే.

ఇట్లు అతుకు పోయినది. కాని దాని స్థానమున కంటికి కనబడని మరియొక శత్రువు ప్రవేశించినది. రంధ్రము గుండా లాగినప్పుడు గోడలోని పొరలన్నియు ఒకే విధముగా సాగవు. లాగుట ముగిసిన తరువాత కూడ వెలుపలి పొర బిగలాగిన త్రాడువలె ఉండిపోవును. లోపలి పొర దానికి ఎదురు నొక్కుచుండును. గొట్టము బల్లపై నిశ్చలముగా ఉన్నట్లు కనిపించినను దాని గోడలో ఈ పెనుగులాట సాగుచునే యుండును.

ఈ సంగతి బయటపడుటలో మన దేశపు వానకాలమునకు పాత్ర కలదు. తుపాకి తూటాల తొడుగులు కూడ ఇత్తడి బిళ్ళను గిన్నెవలె నొక్కి, చల్లగా సాగదీసి చేసినవే. భారతదేశములోని బ్రిటిషు సైన్యము నిలువచేసిన తూటాలకు వానకాలములో, గుండును బిగించిన మెడ వద్ద చీలికలు వచ్చుచుండెను. అందుచేత ఇంగ్లీషులో ఈ జబ్బునకు ‘ఋతు చీలిక’ అను అర్థము వచ్చు పేరు స్థిరపడినది. నిజమునకు దోషము ఋతువుది మాత్రమే కాదు. తూటాలను గుఱ్ఱపుసాలలలో నిలువచేసెడివారు. గుఱ్ఱముల మూత్రము నుండి అమోనియా వాయువు వెలువడును. తేమ, గాలి తోడైనచో అది ఇత్తడిలోని స్ఫటికముల సరిహద్దుల వెంట లోనికి తొలుచుకొని పోవును. అక్కడ ముందే బిగిలాగియున్న లోహము ఫట్టున విచ్చును. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ కారణమును వివరించినారు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయమును గమనించవలెను. బిగువు ఒక్కటే ఉండి అమోనియా లేనిచో గొట్టము ఏండ్ల తరబడి నిలుచును. అమోనియా ఉండి బిగువు లేనిచో ఇత్తడి పైపైన నల్లబడును గాని ఇట్లు చీలదు. రెండును కలిసినప్పుడే చీలిక. ఒక ఫలితమునకు ఒకే కారణము వెదకువారు ఇటువంటిచోట పొరబడుదురు. గుఱ్ఱపుసాల లేకున్నను మా బీరువాలో ఈ రెండును కలిసినవి.

కారణము తెలిసిన తరువాత వైద్యము సులభమైనది. తయారైన గొట్టమును 250 నుండి 300 డిగ్రీల వేడిమిలో సుమారు గంటసేపు ఉంచినచో లోపలి బిగువు చాలవరకు సడలును. అంత తక్కువ వేడిమిలో ఇత్తడి గట్టితనము మాత్రము పోదు. మెత్తబరచుట వేరు, బిగువు సడలించుట వేరు.

లండనులో 1898లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక ప్రారంభమైన నాటినుండి ఇంటివద్ద చిన్న యంత్రములు చేయు అభిరుచి ఎందరికో అబ్బినది. మన పాఠశాలలలో అటువంటి పని తలపెట్టువారు పలుచని గొట్టము కొనునప్పుడు వెలుపలి వ్యాసముతోపాటు గోడ మందమును కూడ అడుగవలెను. వ్యాసములు ఒక్కొక్క మిల్లీమీటరు చొప్పున పెరుగు గొట్టములలో, గోడ మందము అర మిల్లీమీటరుకంటె వెంట్రుకవాసి తక్కువగా ఉన్నచో ఒకటి మరియొకదానిలో చక్కగా జారును. కావలసిన కొలత దొరకనప్పుడు పాత పద్ధతియే శరణ్యము. మా గొట్టపు కొలతకు రేకు ఎంత వెడల్పు ఉండవలెను? గోడ నడుమనుండి నడుమకు వ్యాసము 24.5 మిల్లీమీటర్లు, దానిని 3.14తో గుణించినచో 77 మిల్లీమీటర్లు. రేకును ముందు కాల్చి మెత్తబరచి, ఉక్కు కడ్డీపై వంచి, వెండి టంకముతో అతుకవచ్చును. దూరదర్శినికి అది చాలును. ఆవిరి బాయిలరునకు మాత్రము ఇత్తడి వాడరాదు. వేడినీటిలో దాని జింకు మెల్లగా కరగిపోయి, బలము లేని రాగి మిగులును. రైలుయంత్రములలో చెడిన గొట్టములను తీసి మార్చెడివారు. చిన్న నమూనాలో ఆ వీలు లేదు. దానికి రాగి గొట్టమే తగినది.

మా దూరదర్శినికి క్రొత్త గొట్టము అమర్చినాము. ఈసారి దానిని ముందుగా కొలిమిశాలలో గంటసేపు కాచినాము. అమోనియా సీసాను వేరొక గదికి మార్చినాము. చీలిన పాత గొట్టమును పారవేయలేదు. ప్రతి సంవత్సరము లోహముల పాఠము చెప్పునాడు దానిని తరగతిలో చేతినుండి చేతికి అందించుచున్నాము. చీలికపై వ్రేలు పెట్టి చూచిన విద్యార్థికి, కదలక పడియున్న లోహములో కూడ బలములు పెనుగులాడుచుండునని వేరుగా చెప్పవలసిన పని ఉండదు.