ఉంగరము, ఊదారంగు, ముందు వరుస

ఈ దినము యాకోబు పత్రిక రెండవ అధ్యాయము తెరచి ఉంచుకొనండి. బంగారు ఉంగరముతో, ఖరీదైన బట్టలతో ఒకడు సమాజమందిరములోనికి వస్తాడు. మాసిన బట్టలతో ఒక బీదవాడు కూడ వస్తాడు. మొదటివానికి మంచి చోటు, రెండవవానికి పాదపీఠము దగ్గర నేల. ఇది ఉపదేశము కొరకు అల్లిన కథ అనుకొంటాము గాని, ఆ నాటి రోమా లోకములో బట్టలను చూచి చోటు చూపించడము సాక్షాత్తు చట్టమే.

రోము నగరపు నాటకశాల సంగతి వినండి. క్రీ.పూ. 67లో వచ్చిన ఒక చట్టము, సెనేటు సభ్యుల వెనుకనున్న 14 వరుసలను వారి తరువాతి ధనికవర్గానికి కేటాయించింది. ఆ పిమ్మట ఔగుస్తు కైసరు, అనగా ప్రభువు పుట్టిన కాలమున ప్రజాసంఖ్య వ్రాయించిన ఆ చక్రవర్తియే, ముదురు రంగు బట్టలవారు మధ్య వరుసలలో కూర్చుండరాదని ఆజ్ఞాపించాడు. తెల్లని టోగా రోమా పౌరుని గుర్తు. మన పంచె కంటె ఎంతో పెద్దదైన ఉన్ని వస్త్రమది. కూలిపని చేసుకొనేవాడు అంత తెలుపును ఎక్కడ కాపాడుకోగలడు? మురికి కనబడని బట్ట కట్టుకొని పై మెట్లకు పోవలసిందే.

ఉంగరమూ అంతే. క్రీ.శ. 23లో, తిబెరి కైసరు ఏలుబడిలో, బంగారు ఉంగరానికి నియమము పెట్టారు. తాను, తండ్రి, తాత ముగ్గురూ స్వతంత్రులుగా పుట్టియుండాలి. 4,00,000 సెస్టెర్సుల ఆస్తి ఉండాలి. ఆ 14 వరుసలలో కూర్చునే హక్కు ఉండాలి. అప్పటి సామాన్య సైనికుని జీతము సంవత్సరానికి 900 సెస్టెర్సులు. ఒక్క కాసు ఖర్చు పెట్టకుండా దాచినా అతనికి 440 ఏండ్లకు పైగా పడుతుంది!

మరి దాసుల మాటేమిటి? నీరో చక్రవర్తికి గురువైన సెనెకా ఒక సంగతి వ్రాశాడు. దాసులకు ప్రత్యేకమైన దుస్తులు ఉండాలని సెనేటులో ఒకసారి ప్రతిపాదన వచ్చిందట. వెంటనే భయము పట్టుకొన్నది. అందరూ ఒకే బట్టలో కనబడితే దాసులు మనలను లెక్కపెట్టుకొంటారు గదా అని! బట్ట ఎంత మాట్లాడుతుందో ఆ పెద్దలకు బాగా తెలుసు.

ఇక ఊదారంగు. సెనేటు సభ్యుని అంగీ మీద వెడల్పైన ఊదా చార, ధనికవర్గమువానికి సన్ననిది. శ్రేష్ఠమైన ఊదా తూరు పట్టణానిది. సముద్రపు నత్తల నుండి తీసేవారు. 1909లో ఫ్రీడ్‌లెండర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను వాడితే చేతికి వచ్చిన రంగు 1.4 గ్రాములు మాత్రమే. ఆ రంగు శాలల వలన తూరులో కాపురముండుట కష్టమని భూగోళము వ్రాసిన స్ట్రాబో అంటాడు. అంత ఘనమైన రంగు, పుట్టుక మాత్రము అంత కంపులో!

ఫిలిప్పీలో పౌలు మాటలు విని బాప్తిస్మము పొందిన లూదియ ఈ వ్యాపారస్థురాలే. మన తెలుగు బైబిలులో ఆమె ఊదారంగు పొడి అమ్మునదిగా ఉన్నది గాని, గ్రీకు మాటకు ఊదా సరుకు అమ్మేది అనే అర్థము, బట్టలూ కావచ్చును. ఆమె స్వస్థలమైన తుయతైరలో రంగులద్దేవారి సంఘము ఉండేదని అక్కడి శాసనాలు చెప్పుచున్నవి. నత్త రంగు కొనలేనివారికి మంజిష్ఠ జాతి వేరుతో అద్దిన చౌక రకాలు కూడ ఉండేవి. గొప్పవారి రంగును దూరము నుండైనా పోలియుండాలని జనుల ఆశ.

ఇదే రంగును సైనికులు మన ప్రభువుకు ఎగతాళిగా తొడిగారు. మత్తయి దానిని ఎఱ్ఱని అంగీ అంటాడు. సైనికుని పై వస్త్రము ఆ రంగుదే గనుక, చేతికి అందినదానినే రాజవస్త్రము చేశారేమో!

ఇప్పుడు మరల యాకోబు పత్రికకు రండి. అప్పటి సంఘాలు ఎక్కువగా ఇండ్లలో కూడేవి. అక్కడ 14 వరుసలు లేవు, కైసరు ఆజ్ఞ లేదు. అయినా వచ్చినవాని వేలు చూచి, బట్ట చూచి, నాటకశాల పద్ధతిని లోపలికి తెచ్చినది విశ్వాసులే. (మన మందిరాలలో ముందు వేసే మెత్తని కుర్చీల మాట నేను ఎత్తడము లేదు.) ఉంగరము తీసివేసి రమ్మని యాకోబు ఆ ధనవంతునితో ఎక్కడా అనలేదు. ఆయన నిలదీసినది చోటు చూపించినవారినే.