చంద్రగిరి మేడలూ కాణిపాకం ఏతమూ

కట్టడాలను చూసి చరిత్ర చెప్పుకోవడం మనకు బాగా అలవాటైన పని. మేడ ఎంత ఎత్తుగా ఉంటే ఆ కాలం అంత గొప్పదని తీర్మానిస్తాం. ఈ తీర్మానం ఎంతవరకు నిలుస్తుందో చూసుకోవడానికి రాయలసీమ దక్షిణపు కొసన రెండు చోట్లున్నాయి. ఒకటి కాణిపాకం, రెండోది చంద్రగిరి. 2022లో జిల్లాల విభజన జరిగాక మొదటిది చిత్తూరు జిల్లాలోనూ, రెండోది తిరుపతి జిల్లాలోనూ ఉన్నాయి. బస్సులో పూట ప్రయాణం కూడా కాదు. వేసవి సెలవుల్లో ఒకే రోజున రెండూ చూశాను. కాణిపాకంలో విన్న కథ చంద్రగిరి కోటలో తిరుగుతున్నంతసేపూ నా వెంట నడిచింది.

ఆ కథ ఈ ప్రాంతంలో తెలియనివారుండరు. ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు గుడ్డి, ఒకడు మూగ, ఒకడు చెవిటి. ఏతం తొక్కి మడికి నీళ్లు పెట్టుకొని బతికేవారు. బావి ఎండిపోతే లోతు చేయబోయారు. పార రాతికి తగిలింది, నీళ్లు నెత్తురయ్యాయి, వారి వైకల్యాలు పోయాయి. ఊరివాళ్లు కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేల మేర పారాయనీ, అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. గుడిని చోళరాజు కులోత్తుంగుడు కట్టించాడనీ, విజయనగర ప్రభువులు విస్తరించారనీ అంటారు.

మహిమ సంగతి భక్తులకు వదిలేద్దాం. సాహిత్య విద్యార్థి గమనించవలసింది కథలోని సామగ్రిని. ఏతం, పార, ఎండిన బావి, కాణి. కాణి అంటే భూమి కొలత. తమిళ శాసనాల్లో వంశపారంపర్యమైన భూమిహక్కుకు కూడా అదే మాట. ఈ కథలో రాజు చివర వస్తాడు. కథను నడిపినవాళ్లు సేద్యగాళ్లు.

ఇక చంద్రగిరి. సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనం ఎక్కకముందు బలం కూడగట్టుకున్నది ఇక్కడే. తళ్లికోట యుద్ధం (1565) తరవాత రాజ్యం పెనుగొండకు చేరింది. అక్కణ్ణుంచి రెండవ వేంకటపతిరాయలు 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి మార్చాడు. కొండకింద రాజమహల్ మూడంతస్తులతో నిలబడి ఉంది. ఇటుక, రాయి, సున్నం తప్ప అంతస్తులు మోయడానికి కలప వాడలేదు. కమానుల మీద కమానులు పెట్టి బరువునంతా గోడలకూ స్తంభాలకూ అప్పగించారు. కమానులు తురుష్క పద్ధతివి, పైనున్న గోపురాలు గుడి పద్ధతివి. రెండు విద్యలూ తెలిసిన చేతులు కట్టిన మేడ అది. పక్కన రెండంతస్తుల రాణిమహల్. అది అసలు రాణివాసమే కాదనేవారూ ఉన్నారు. ఇప్పుడు రాజమహల్‌లో పురావస్తుశాఖ మ్యూజియం ఉంది. అక్కడ విగ్రహాలున్నాయి, ఆయుధాలున్నాయి. ఈ కమాను తిప్పిన మేస్త్రీ పేరు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మహళ్లు దాటి కోటలో ఎంత నడిచినా పాడుబడ్డ గుళ్లు, గోడలు, చెట్లు. ఇన్ని వేలమంది సైనికులు, బోయీలు, చాకళ్లు, కుమ్మర్లు ఎక్కడ కాపురమున్నారు? విజయనగరాన్ని వర్ణించిన పదహారో శతాబ్దపు పోర్చుగీసు యాత్రికుడు బార్బోసా మాటల్లో జవాబుంది. సామాన్యుల ఇళ్లు గడ్డికప్పువే అయినా చక్కగా కట్టినవనీ, వృత్తులవారీగా వీధులుగా తీర్చి ఉన్నాయనీ రాశాడు. ఆ గడ్డి కుళ్లింది, ఆ మట్టి మట్టిలో కలిసింది. మిగిలిన మేడలనే మనం చరిత్ర అంటున్నాం.

మేడకు డబ్బు ఎక్కడిది? కాణి మీద నుంచే. అమరనాయకులు భూములు పుచ్చుకొని, సేనల్ని పోషించి, రాజుకు కప్పం కట్టారు. ఆ భారమంతా దిగింది రైతు మీద. 1535 ప్రాంతంలో రాసిన న్యూనిజ్, రైతులు పదింట తొమ్మిది వంతులు దొరలకు చెల్లించారంటాడు. లెక్కలో అతిశయోక్తి ఉండవచ్చు, కాని పరాయివాడి కంటికి కూడా ఆ బరువు కనిపించింది. చెరువులూ కాలువలూ తవ్వించి, బీదరైతుకు పన్నులో వెసులుబాటు ఇస్తేనే ధర్మార్థాలు పెరుగుతాయని కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాజనీతిలో చెప్పాడు. అలా చెప్పవలసి వచ్చిందంటే ఆ వెసులుబాటు అంతటా లేదనే కదా అర్థం!

చంద్రగిరికి పోయినవారికి చెన్నపట్నం దానపత్రం ఇక్కడే రాశారన్న మాట వినిపిస్తుంది. 1639లో ఫ్రాన్సిస్ డేకు పత్రమిచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. దానిని 1645లో మళ్లీ ఖాయపరచినవాడు మూడవ శ్రీరంగరాయలు. మరుసటేడు నాటికే గోలకొండ సేనలు ఈ సీమలోకి చొచ్చుకువచ్చాయి. కూలిపోతున్న రాచరికం తన గుప్పిట జారుతున్న తీరాన్ని వర్తక కంపెనీకి ధారపోయడం అది. ఈ దామెర్ల వంశంవాడే అంకభూపాలుడు. అతని 'ఉషాపరిణయం' అవతారికలో, తండ్రి చెన్నప్ప పేరున సోదరుడు అయ్యప్ప ప్రళయకావేరికీ మైలాపురానికీ మధ్య చెన్నపట్నం కట్టించిన సంగతి ఉంది. ప్రళయకావేరి అంటే పులికాటు. అక్కడ డచ్చివారు, ఇక్కడ పోర్చుగీసులు. వారి పోరును ఆపడానికే మధ్యన ఊరు కట్టించారట. ఇంగ్లీషు కంపెనీ కాగితాలు చెప్పని కోణం ఒక తెలుగు ప్రబంధంలో దొరికింది.

అయినా మన తరగతుల్లో అవతారికను వంశస్తుతి అని దాటేస్తాం. వర్ణనల్లోని అలంకారం పేరు చెప్పి మార్కులు వేస్తాం. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) కావ్యాల్లోంచే తిండినీ, గుడ్డనీ, ఆటపాటలనూ, పన్నులనూ వెలికితీసి చూపింది. 1955లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. ఆ దారిన తరవాత నడిచినవారు కొద్దిమంది. అంతకన్న ఎక్కువమంది రాయల స్వర్ణయుగాన్ని తలచుకొని నిట్టూర్చే పద్యాలు రాశారు.

రాజమహల్ అందంగా లేదని నేననను. అందులో ఉన్నది మనుషుల విద్య గనుకనే ఆ అందం మనది. అయితే మేడను కాపాడటానికి ఒక శాఖ ఉంది. మాటలను కాపాడేవారెవరు? బోరుమోటర్ల కాలంలో పుట్టిన నా విద్యార్థులకు ఏతం అంటే బొమ్మ గీసి చెప్పవలసివస్తోంది. మోట, కపిల, కాణి, మడవ ఇవన్నీ ఆ దారినే పోతున్నాయి. ఊరూరా చెరువుల పేర్లూ, పొలాల పేర్లూ, వాటి వెనక కథలూ ముసలివాళ్లు బతికుండగానే రాసిపెట్టుకోవడం రచయితలు చేయగల పని, చేయవలసిన పని. కాణిపాకం కథ చెప్పినవాళ్లకు మేడ లేదు. ఏతం తొక్కిన ముగ్గురినీ మనదాకా తెచ్చింది వాళ్ల నోటిమాటే.