ఒక్క రాత్రి పిలుపా, ఏళ్ల తరబడి నడకా? అజరయ్య దోర్నకల్ చేరిన తోవ

మిషనరీల జీవిత చరిత్రల్లో దైవ పిలుపు తరచూ ఒక్క రాత్రిలోనే వినిపిస్తుంది. ఐడా స్కడర్ కథ ఇందుకు పేరున్న ఉదాహరణ. 1890లలో, తల్లికి జబ్బుగా ఉందని అమెరికా నుంచి తిండివనం వచ్చిన ఆ యువతికి మిషనరీ కావాలన్న కోరికే లేదు. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ప్రసవ వేదనలో ఉన్న తమ భార్యల కోసం ఆడ డాక్టరును అడిగారు. మగ డాక్టరును లోపలికి రానివ్వబోమన్నారు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఐడా వైద్యం చదివి, 1900లో తిరిగొచ్చి, వేలూరులో ఆసుపత్రి నిలబెట్టారు.

అయితే ఆ రాత్రి వెనక ఒక వంశం ఉంది. ఆమె తాత జాన్ స్కడర్ 1819లోనే వైద్య మిషనరీగా సిలోన్ వెళ్లారు. తండ్రీ మిషనరీ డాక్టరే. ఆమె చదివిన నార్త్‌ఫీల్డ్ బడి సువార్తికుడు మూడీ పెట్టినది. కథ చెప్పేవాళ్లు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు.

ఆ రోజుల్లో యువకుల పిలుపుకు ఏర్పాట్లు కూడా ఉండేవి. 1886 వేసవిలో మసాచుసెట్స్‌లోని మౌంట్ హెర్మన్‌లో మూడీ నడిపిన విద్యార్థి సభ ముగిసేసరికి వందమంది విదేశీ సేవకు సిద్ధమన్నారు. వాళ్లను కదిలించిన రాబర్ట్ వైల్డర్ కొల్హాపూర్‌లో పుట్టిన మిషనరీ కొడుకు. అక్కడ మొదలైన విద్యార్థి ఉద్యమం ప్రభావంతోనే షెర్వుడ్ ఎడ్డీ 1896లో భారతదేశం వచ్చారు.

ఎడ్డీకి ఇక్కడ దొరికిన స్నేహితుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి జిల్లా వెళ్లాళన్‌విళైలో ఒక గ్రామ పాదిరి ఇంట పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుంచి వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ వచ్చారు. ఆయన కథలో తిండివనం వంటి రాత్రి లేదు. ఉన్నది సిగ్గు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో వేరే చోట్లకు సేవకులను పంపడం చూశారు. నూరేళ్లు దాటిన తిరునల్వేలి సంఘం మాత్రం అలా ఎవరినీ పంపలేదు. మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు, మనుషులు, పెత్తనం, మూడూ భారతీయులవే కావాలన్నది దాని షరతు. పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతం, దోర్నకల్.

ఇతరులను పంపే సంస్థ పెట్టడం వేరు, తాను వెళ్లడం వేరు. 1909లో అజరయ్య వై.ఎం.సి.ఎ. కొలువు వదిలి, గురుపట్టం తీసుకుని దోర్నకల్ వచ్చారు. తెలుగు ఆయనకు మాతృభాష కాదు, నేర్చుకోవాల్సిన భాష. ఇరవై ఒకటో ఏట మొదలైన సేవ ముప్పై అయిదో ఏట ఈ మలుపు తీసుకుంది.

మరుసటి ఏడాది ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ఎదుటే వాళ్ల పెద్దరికాన్ని ప్రశ్నించి, స్నేహం అడిగారు. అడగడానికి ఆయనకు హక్కుంది: ఎడ్డీతో అలాంటి స్నేహాన్నే అప్పటికి పద్నాలుగేళ్లుగా నడిపారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆయనకు అప్పగించినది దోర్నకల్ మండలమే.