పాతరధాన్యము – 1918

నేఁడు సూర్యాపేట జిల్లాలోనున్న మోతె 1918లో నైజాము రాష్ట్రపు నల్లగొండ జిల్లాలోనిది. ఆ యేఁడు వానలు తప్పి, యుద్ధమువలన ధరలు హెచ్చియుండఁగా ఇన్‌ఫ్లుయెంజా జ్వరము విజృంభించెను.

కఱవునకై జొన్నలను పాతరలో దాఁచుట తెలంగాణపు కాఁపులకు పూర్వాచారము. గోతియడుగునను చుట్టును గడ్డి పఱచి, ధాన్యము నించి, పైని మన్ను మెత్తెడివారు. లోనిగాలి చెడుటచేఁ బురుగు బ్రదుకదు. మూఁత తీసినవెంటనే దిగిన మనుష్యునికిని ప్రాణభయమే! కావున గాలి పాఱనిచ్చి, దీపము దించి చూచి దిగవలెను. ఇది బలము గలవారి పని. జీతగాఁడును జ్వరపడెనేని నిండుపాతర యుండియు నేమి ఫలము? ఏనాఁటి కూలిగింజల నానాఁడే దంచుకొను నింటికో, జ్వరము వచ్చిన దినమే పస్తు.

1911లో 1,33,74,676గా నున్న రాష్ట్రజనసంఖ్య 1921 నాఁటికి 1,24,71,770 అయ్యెను. ఈ తగ్గుదలలో జ్వరము పాలెంతయో, ప్లేగు పాలెంతయో, ఆఁకలి పాలెంతయో యా యంకెలు చెప్పవు.