స్తూపము – ఒక చీనా అక్షరము

నేటి సూర్యాపేట జిల్లాలో, తిరుమలగిరికి సమీపమున ఉన్న ఫణిగిరి గుట్టమీద ప్రాచీన బౌద్ధ మహాస్తూపం ఒకటి ఉన్నది. నిజాం ప్రభుత్వపు పురావస్తుశాఖ 1941–44 సంవత్సరాల నడుమ అక్కడ త్రవ్వకాలు జరిపించినది. ఇట్టి కట్టడానికి సంస్కృతంలో స్తూపమని, పాళీ ప్రాకృతాలలో థూపమని పేరు. ఆ థూప శబ్దమే దేశాలు దాటి, చీనా లిపిలో ఒక అక్షరమై నిలిచినది.

చీనా అక్షరం ధ్వనితోపాటు అర్థాన్ని కూడ తెలుపుతుంది. క్రీస్తుశకం 100 ప్రాంతాన షు షెన్ కూర్చిన నిఘంటువులో ఈ అక్షరం లేదు. బౌద్ధం ఆ దేశంలో వేరూనిన పిదప దీనిని కల్పించుకొన్నారు. 986లో ఆ నిఘంటువును పరిష్కరించిన షు షువాన్ దీనిని అందులో చేర్చినాడు. అక్షరానికి ఎడమప్రక్క ‘మన్ను’ అనే అర్థమిచ్చే గుర్తు, కుడిప్రక్క ఉచ్చారణను సూచించే గుర్తు ఉన్నవి. నేటి చీనావారు దీనిని ‘తా’ అని పలుకుతారు. పూర్వం దీని చివర పకారం వినిపించేది. కొరియావారి ‘తాప్’, వియత్నాంవారి ‘థాప్’ ఆ పకారాన్ని నేటికీ కాపాడుతున్నవి.

మన ధాన్యకటకాన్ని దర్శించిన హ్యూయన్‌త్సాంగ్‌కు ఈ కురచ రూపం రుచింపలేదు కాబోలు. 646లో ముగించిన తన యాత్రాగ్రంథంలో ఆయన స్తూప శబ్దాన్ని మూడక్షరాలతో పూర్తిగా వ్రాసినాడు. అయినను జనం నోట నిలిచినది ఒంటి అక్షరమే. నేడు చీనాలో ఓడలకు దారి చూపే దీపస్తంభానికి, ఎత్తుమీది నీళ్ళతొట్టికి, టెలివిజన్ ప్రసారపు గోపురానికి సైతం ఆ అక్షరమే పేరైనది.

ఇక స్తూపాలు వెలసిన మన నేలమీద ఏమైనది? అమరావతి మహాస్తూపం ప్రజల నోట ‘దీపాలదిన్నె’గా మారినది. పద్దెనిమిదవ శతాబ్ది చివర అచట పట్టణనిర్మాణం సాగినప్పుడు దాని ఇటుకలు, చెక్కడపు పలకలు కొత్త కట్టడాలకు తరలిపోయినవి. 1797లో కర్నల్ మెకంజీ చూచునాటికే దిన్నె కొంతవరకు త్రవ్వబడి ఉన్నది. త్రవ్వినవారిని నిందించి ప్రయోజనం లేదు. వారి కంటికది ఒట్టి దిన్నె; అక్కరకు వచ్చే ఇటుకల రాశి. స్తూపమను పేరు మరపున పడిననాడే దానికి కావలి తప్పినది.

పరదేశీయులు మన మాటకొక అక్షరం కల్పించి పదిలపరచుకొన్నారు. మనకు కొత్త అక్షరంతో పని లేదు. ఫణిగిరి ఎక్కిన బాలునికి ఆ కట్టడాన్ని చూపి, ఇది దిబ్బ కాదు నాయనా, స్తూపము అని చెప్పగల పెద్దలుంటే చాలును.