నోట్లో కాపురముండే వైరస్‌లు

వైరస్ అనగానే ఎక్కడినుంచో వచ్చిపడి, నాలుగు రోజులు బాధపెట్టి పోయేదని అనుకుంటాం. నిజానికి పెద్దవాళ్ళలో దాదాపు అందరి నోట్లోనో గొంతులోనో ఏదో ఒక వైరస్ ఏళ్ళ తరబడి కాపురముంటుంది. వైద్యశాస్త్రానికి ఈ సంగతి మెల్లగానే తెలిసివచ్చింది.

మొదట్లో పరిశోధకుల దృష్టి కళ్ళకు కనిపించే జబ్బు మీదే ఉండేది. తట్టు పోసేముందు బుగ్గల లోపల తెల్లటి చుక్కలు వస్తాయని 1896లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు హెన్రీ కోప్లిక్ రాశాడు. 1934లో నాష్‌విల్‌లో జాన్సన్, గుడ్‌పాస్చర్ గవదబిళ్ళల రోగుల ఉమ్మిని బాక్టీరియా దాటలేని ఫిల్టర్లలో వడగట్టి కోతుల లాలాజల గ్రంథుల్లోకి ఎక్కించారు. కోతులకూ దవడలు వాచాయి. గవదబిళ్ళలకు కారణం వైరసేనని అలా రుజువైంది.

ఇలా వచ్చి పోయే జబ్బుల లెక్కకు లొంగనిది పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్. జ్వరమొచ్చినా, ఎండ తగిలినా అదే మనిషికి అదే చోట మళ్ళీ పొక్కుతుంది. వైరస్ చిన్నతనంలోనే సోకి, ఒంట్లో జీవితాంతం నక్కి ఉంటుందని 1939లో మెల్‌బోర్న్‌లో బర్నెట్, విలియమ్స్ వాదించారు. 50 ఏళ్ళలోపు వాళ్ళలో మూడింట రెండొంతుల మందికి ఈ వైరస్ సోకి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

అసలు మలుపు మాత్రం ఆపరేషన్ బల్ల దగ్గర మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో టాన్సిల్స్‌నూ, ముక్కు వెనకుండే అడినాయిడ్లనూ రోగాల పుట్టలుగా చూసి, అమెరికాలో, బ్రిటన్‌లో లక్షలాది పిల్లలకు కోసేసేవారు. 1953లో బెథెస్డాలో వాలస్ రో, రాబర్ట్ హ్యూబ్నర్ బృందం అలా తీసేసిన అడినాయిడ్ ముక్కల్ని గాజు గొట్టాల్లో పెంచింది. కణాలు కొన్ని వారాలు బాగానే పెరిగాయి. ఆ తర్వాత ఎవరూ ఏమీ కలపకుండానే గుండ్రంగా ముడుచుకుని గాజునుంచి ఊడిపడ్డాయి. ఆ గొట్టంలోని ద్రవాన్ని వేరే కణాల మీద వేస్తే అవీ అలాగే చచ్చాయి. వైరస్ పిల్లల కణజాలంలోనే ఉండి వచ్చిందన్నమాట. దాని పేరే అడినోవైరస్. 1956లో రో మరో పాప అడినాయిడ్లలోంచి సైటోమెగలోవైరస్‌నూ పట్టుకున్నాడు. ఆ తెగను ప్రయోగశాలలు ఏడీ169 పేరుతో నేటికీ వాడుతున్నాయి.

1964లో ఉగాండా పిల్లల దవడ కంతుల కణాల్లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ మరో వైరస్‌ను చూశారు. అది మామూలుగా ఎలాంటి జబ్బు తెస్తుందో ఫిలడెల్ఫియాలో అనుకోకుండా బయటపడింది. హెన్లే దంపతుల ల్యాబ్‌లో పనిచేసే ఒక టెక్నీషియన్ రక్తంలో ఆ వైరస్‌కు యాంటీబాడీలు ఉండేవి కావు. ఆమెకు జ్వరం, గొంతునొప్పి, గ్రంథుల వాపుతో మోనోన్యూక్లియోసిస్ వచ్చి తగ్గాక చూస్తే యాంటీబాడీలు కనిపించాయి. 1968లో వెలువడిన ఆ పరిశోధనతో ఎప్‌స్టీన్-బార్ వైరస్ సంగతి తేలింది. ప్రపంచంలో 90 శాతానికి పైగా పెద్దవాళ్ళలో అది ఉంది. టాన్సిల్స్‌లో తిష్ఠవేసి అప్పుడప్పుడు ఉమ్మిలోకి వస్తుంటుంది.

వైరస్ జన్యుపదార్థం కొంచెమున్నా పసిగట్టే పీసీఆర్ పరీక్ష వచ్చాక ఈ జాబితా ఇంకా పెరిగింది. బ్రెజిల్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో టాన్సిల్స్, అడినాయిడ్ల దీర్ఘకాలిక బాధతో ఆపరేషన్‌కు వచ్చిన 121 మంది పిల్లల్ని పరీక్షించారు. వాళ్ళలో 97 శాతానికి పైగా పిల్లల్లో ఏదో ఒక శ్వాసకోశ వైరస్ దొరికింది. మరోవైపు, టాన్సిల్స్ ప్రాంతంలో వచ్చే కొన్ని క్యాన్సర్లకు హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో 16వ రకం (హెచ్‌పీవీ16) కారణమని 2007లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. మన దేశంలో నోటి క్యాన్సర్లకు మాత్రం ప్రధాన కారణం పొగాకు, గుట్కా, వక్కలే.

ఈ చరిత్ర వల్ల వైద్యుడి పని కాస్త కష్టమైంది. గొంతులో వైరస్ దొరికినంత మాత్రాన ఇవాళ్టి నొప్పికి అదే కారణమని చెప్పలేం. అది పాత కాపురమే కావచ్చు. గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే కాబట్టి వాటికి యాంటీబయాటిక్ దండగ. అయితే గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాను వదిలేస్తే కొందరు పిల్లల్లో కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఆ బెడద మన దేశంలో ఇంకా పోలేదు. అందుకే మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవడం కన్నా, డాక్టరుకు గొంతు చూపించి, అవసరమైతే స్వాబ్ పరీక్ష చేయించుకోవడమే మేలు.