బలాఢ్యుల జోడీ వాదం

వేర్వేరు తరాల మల్లులు ఒకే బరిలో దిగితే గెలిచేదెవరన్న ఊహా చర్చ. బాక్సింగ్‌లో ఈ తగవును కంప్యూటర్‌కే అప్పగించారు: 1970లో విడుదలైన ‘సూపర్ ఫైట్’ చిత్రంలో రాకీ మార్సియానో 13వ రౌండులో మహమ్మద్ అలీని పడగొట్టాడు. అప్పటికే మార్సియానో కన్నుమూసి నెలలైంది.

తెలుగునాట ఈ మాట వస్తే ముందు నిలిచే పేరు కోడి రామమూర్తి. ఛాతీ పొంగించి ఇనుప గొలుసు తెంచేవారు. గుండెల మీద ఏనుగును నిలుపుకొనేవారు. ఆయన పక్కన నిలపదగ్గవారు వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు. ‘నర్తనశాల’ (1963)లో భీముడాయనే. ఆయన చేతిలో చచ్చిన కీచకుడు నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు.

చిక్కంతా కొలతలో ఉంది. ఒకరిది సర్కస్ గుడారంలో చప్పట్ల లెక్క, మరొకరిది కిలోల లెక్క. చట్టం వద్దన్నా ఆగని సంక్రాంతి పందేల్లో సైతం పుంజులను ఎదురెదురుగా పట్టి, ఎత్తూ బరువూ సరిచూడనిదే కత్తి కట్టరు. ఆ లెక్కన ఈ ఇద్దరికీ జోడీ కుదరదు.